గోళీల సారుకు వచ్చిన కోరికలు

“జర గా కిటికి తెరువే,” అన్నాడు మా ఆయన.

“దేనికి?” అన్నాను.

“ఊకెనే.”

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. నేను కిటికీ తెరిచి, పాలు పొంగుతున్నాయేమోనని వంటింట్లోకి పోయి వచ్చేసరికి ఆయన లేడు. పోయేముందు కొందరు పిల్లల్ని అప్పగిస్తారు, కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. మా ఆయన “ఊకెనే” అన్నాడు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు ఆఖరికి ఏమన్నాడమ్మా అని అడిగితే ఇది చెప్పలేక, రామ రామ అన్నాడని చెప్పాను. (ఇది కూడా రాస్తావా అని మా ఆడబిడ్డ కూతుర్ని అడిగాను. నేను చెబుతుంటే రాస్తున్నది ఆ పిల్లే. నా చదువు రెండో తరగతిలో బీడీల చాట కింద పడిపోయింది. చెప్పిందంతా రాస్తానంటోంది. రాయనీ.) కానీ “దేనికి” అని అడగడం నాకు నేర్పిందే ఆయన. ఎవరేం అడిగినా ముందు కారణం కనుక్కో అని చెప్పిన మనిషి, తాను మాత్రం ఏ కారణమూ లేకుండా ఒకటి అడిగి వెళ్లిపోయాడు. తలుచుకుంటే నవ్వొస్తుంది. 

ఆ రోజుల్లో, అంటే తొంభైలు సగం దాటాక, మా ఆర్మూరులో కంప్యూటర్‌కు జరిగిన మర్యాద కొత్త అల్లుడికి కూడా జరిగేది కాదు. ప్రతి ప్రైవేటు బడిలో దానికో గది, గదికో పరదా, దాని ఒంటికో గుడ్డ తొడుగు. చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. దాని దగ్గర తుమ్మకూడదు. ఇంత చేసి, దానితో ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు. మా ఆయన ఒక బడిలో సైన్సు చెప్పేవాడు. ఆ బడి ప్రయోగశాలలో పగిలిన గాజు గొట్టం, పళ్లెం లేని త్రాసు తప్ప మరేమీ లేవట. నల్లబల్ల మీద లోలకం బొమ్మ గీసి, ఇది ఊగుతోంది అనుకోండి అని చెప్పాలి. అనుకోండి, అనుకోండి అని చెప్పి చెప్పి ఆయనకే విసుగొచ్చింది. నిజామాబాదు పోయి కంప్యూటర్ నేర్చుకుని, ఎవరో వదిలించుకున్న పాతదొకటి తెచ్చి మా ముందు గదిలో పెట్టి, ఆ ఊగేవీ దొర్లేవీ పడేవీ అన్నీ తెర మీద నిజంగా కదిలేలా ఒక ప్రోగ్రాం తయారు చేశాడు. నాకైతే అవి గోళీలు. పైనుంచి పడే గోళీలు, దారానికి కట్టిన గోళీలు, వాలు బల్ల మీద జారే గోళీలు. పసుపు ఊరు కదా అని వాటికి పసుపు రంగే వేశాడు. దాన్ని ఫ్లాపీల్లో ఎక్కించి, బస్సులెక్కి జక్రాన్‌పల్లి, ముప్కాల్, భీమ్‌గల్ బడులకు చూడండంటూ ఇచ్చొచ్చాడు. ఆయన పేరు గోళీల సారు అయింది. నేను గోళీల సారమ్మనయ్యాను. (బీడీలు చుట్టే దాన్ని సారమ్మా అని పిలిస్తే లోపల ఎలా ఉంటుందో, పిలిపించుకున్న దానికే తెలుస్తుంది.)

ఫ్లాపీలు ఇచ్చినప్పుడు ఆయన నోరు జారి, ఇంకా ఏమైనా కావాలంటే అడగండి అన్నాడు. అడిగారు. బస్సు దిగి వచ్చి అడిగారు, మా పక్కింటి ఎస్టీడీ బూతుకు ఫోను చేసి అడిగారు, పెళ్లి బంతిలో పక్కన కూర్చుని అడిగారు. మా ఆయనకు కాదనడం చేతకాదు. గోళీలు ఆకుపచ్చగా ఉండాలన్న వాళ్లకూ సరే, ఎర్రగా ఉండాలన్న వాళ్లకూ సరే అనేవాడు. అందరికీ సరే అని, అన్నీ చేయలేక, అన్నం ముందు తల పట్టుకుని కూర్చునేవాడు. ఇలా కాదని నేనే గడపలో చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ కూర్చున్నాను. వచ్చినవాళ్లు ముందు నాకు చెప్పాలి. నా గొంతు చూస్తే మొదటి నుంచీ బొంగురే, తంబాకు దుమ్ము వల్లో, పుట్టుకతోనో. ఫోనులో విన్నవాళ్లు నేను ఆయన దగ్గర పనిచేసే అసిస్టెంటునని అనుకుని, నమస్తే సారూ అనేవాళ్లు. నేనూ నమస్తే అనేదాన్ని. ఎందుకు కాదనాలి.

మొదట్లో వాళ్లు చెప్పింది చెప్పినట్టు తెచ్చి ఆయనకు అప్పగించాను. అప్పుడు ఆయన నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు. “వాళ్లు ఏం జెయ్యమన్నరో తర్వాత జెప్పు. దేనికి అని అడుగు ముందు. వాళ్ల తిప్పలేందో తెలిస్తె చాలు, మందు నేను జూసుకుంట.”

సరేనని అదే పట్టుకున్నాను. జక్రాన్‌పల్లి సారు వచ్చి, లోలకాన్ని ఆపడానికి ఒక మీట పెట్టించమన్నాడు. దేనికి సారూ అన్నాను. ఆ ఊగేది ఎంతకూ ఆగదట, ఇప్పుడు ఆగుతుంది ఇప్పుడు ఆగుతుందని పిల్లలు గంట కొట్టినా లేవరట, తర్వాతి పీరియడు లెక్కల సారు తలుపు దగ్గర నిలబడి పళ్లు నూరుతాడట. ఇది విని మా ఆయన మీట పెట్టలేదు. లోలకం చుట్టూ గాలి పెట్టాడు. ఇంట్లో దారం కట్టి ఊపిన రాయిలాగే అది మెల్లమెల్లగా తనంతట తాను ఆగింది. భీమ్‌గల్ టీచరమ్మ ప్రోగ్రాం మొదట్లో ఒక పాట పెట్టించమంది. దేనికంటే, ఒకే కంప్యూటరుకు పిల్లలందరూ ఎగబడి జుట్లు పట్టుకుంటున్నారు, పాట వస్తే కాసేపైనా నోళ్లు మూస్తారని. మా ఆయన పాట మానేసి, ఎవరి వంతో వాళ్ల పేరు తెర మీద వచ్చేలా చేశాడు. తన పేరు వెలిగేదాకా ఒక్కడూ కదిలేవాడు కాదట. ముప్కాల్ హెడ్మాస్టరు మాత్రం మొదట సరస్వతి బొమ్మ రావాలన్నాడు. దేనికి సారూ అంటే నా వైపు చూసిన చూపుకు చాటలో ఆకు ఎండిపోయింది. ఆ ఒక్కటి మా ఆయన కారణం అడక్కుండానే చేశాడు. కానీ చుక్కలు కలిపి గీసిన బొమ్మ కదా, అమ్మవారి చేతిలో వీణ అచ్చం గునపంలా వచ్చింది. సారు మళ్లీ వచ్చి, అమ్మవారు బాయి తవ్వడానికి పోతున్నట్టుందని చెప్పి పోయాడు.

ఆ హెడ్మాస్టరే దసరా పోయాక ఇంకోసారి వచ్చాడు, గోళీలు రావడం లేదని. ఫ్లాపీ చూపించాడు. ఆయుధపూజ నాడు దాన్ని పీట మీద పెట్టి, మూత జరిపి, లోపలి నల్ల బిళ్లకు నిండుగా పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. మా ఆయన నవ్వాపుకోలేక లోపలికి పోయాడు. నేను నవ్వలేదు, నేనైనా అదే చేసి ఉండేదాన్ని. సారు ఏమాత్రం తగ్గకుండా, వచ్చే దసరాకల్లా పసుపు తట్టుకునే ఫ్లాపీ ఒకటి తయారు చేయించమ్మా అని చెప్పి బస్సెక్కాడు.

ఇవన్నీ సాయంత్రం అన్నాల దగ్గర ఆయనకు ఎవరి గొంతుతో వాళ్లలాగే చెప్పేదాన్ని. హెడ్మాస్టరు మాటకు ముందొక దగ్గు, మాటకు వెనకొక దగ్గు. టీచరమ్మ ముక్కుతో మాట్లాడుతుంది. ఆయనకు పొలమారేది. వినదగ్గది ఉంటే తలూపేవాడు, లేకపోతే “ఛాట్,” అనేవాడు. అది మా బీడీల మాట. టేకేదారు మేం చుట్టి తెచ్చిన బీడీలు చూసి, బాగా లేనివి ఛాట్ అని పక్కకు విసిరేస్తాడు. రోజూ నా బీడీలకు పడే మాట సార్ల కోరికలకు పడుతుంటే నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను.

ఇంత జరిగినా కోరికలు కోరినవాళ్లే తప్ప కొన్నవాళ్లు లేరు. బడి జీతంతో ఇల్లు నడవలేదు. మా వాడకట్టులో చాలా ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్నారు. ఆడవాళ్లమే చాటలు ముందేసుకుని వరసగా కూర్చునేవాళ్లం. మా ఆడబిడ్డ మొగుడు అక్కడి నుంచి మా ఆయనకు ఒక వీసా పంపాడు, గోదాములో సామాన్ల లెక్క చూసే పని. (అవును బిడ్డా, మీ నాయినే. తప్పేం లేదు, మంచికే పంపాడు.) పాస్‌పోర్టు ఏజెంటు దగ్గరికి చేరింది. అప్పుడే ఆర్మూరులోనే నాలుగైదు బడులున్న ఒక కరస్పాండెంటు సారు, ఆ గోళీల ప్రోగ్రాం నా బడులన్నిటికీ తీసుకుంటాను, దాన్ని చూసుకోవడానికి మీ ఆయనను నా దగ్గరే పెట్టుకుంటాను అని కబురు పెట్టాడు. ఆ సారు తీసుకుంటే పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకోవాలి, లేకపోతే బొంబాయి బండి ఎక్కాలి. ఇద్దరం కూర్చుని అలా అనుకున్నాం. ఆ వారమంతా నేను చుట్టిన బీడీల్లో సగం ఛాట్‌కు పోయాయి.

కరస్పాండెంటు సారు తెల్ల బట్టల్లో వచ్చి మా ముందు గదిలో కూర్చున్నాడు. అంతా బాగుందన్నాడు. ఒక్కటే మార్చాలన్నాడు. పెద్ద గోళీ, చిన్న గోళీ పైనుంచి వదిలితే రెండూ కలిసి నేల మీద పడుతున్నాయి కదా, అలా కాదు, బరువుది ముందు పడాలి.

“దేనికి సారూ?” అన్నాను నేను గడపలోంచి.

పెద్దమనిషి, దాచలేదు. తల్లిదండ్రుల మీటింగులో ఇది చూపించారట. అందరూ పసుపు రైతులు. ఒక ముసలాయన లేచి, నిండు బస్తా, ఒక్క పసుపు కొమ్ము కలిసి పడతాయా, మేము లారీలకు బస్తాలెత్తిన చేతులతోనే ఇక్కడికి వచ్చాము అన్నాడట. అందరూ నవ్వారట. ఇలాంటి అబద్ధాలు చెప్పే బడికా మా పిల్లల్ని పంపేది అని ఇద్దరు ముగ్గురు టీసీలు అడిగారట.

మా ఆయన ఎంత ఓపికగా చెప్పాడో. గాలి పెట్టే మీట ఉంది సారూ, అది నొక్కితే ఈక వెనకబడుతుంది, బస్తా ముందు పడుతుంది, చూడండి అన్నాడు.

“ఈకలెవరు పండిస్తరయ్యా ఈడ,” అన్నాడు కరస్పాండెంటు. “పసుపు పండిస్తరు. బస్తకు, కొమ్ముకు జెప్పు.”

“ఆ రెండు కలిసే వడ్తయి సారూ.”

“నేను వడవంటున్ననా? జరంత ముందు అంటున్న. గింత. రెండు వేళ్ల మందం.”

మా ఆయన మళ్లీ మీట నొక్కాడు, రెండూ కలిసే పడ్డాయి.

“పోనీ ఒక వేలు.”

నేను పసుపు యార్డులో బేరాలు చూశాను, బీడీల ఖార్ఖానాలో చూశాను. బరువు కింద పడడం మీద బేరం చూడడం అదే మొదలు. ఆ ఒక్క వేలు దగ్గర ఆగి, ఆలోచించుకొమ్మని ఆయన లేచాడు. ఆదివారం మళ్లీ వస్తానన్నాడు.

నిజం చెబితే, కరస్పాండెంటు మాటే నాకు సబబుగా తోచింది. బరువుది ముందు పడక ఏం చేస్తుంది? అయినా చూద్దామని మర్నాడు పొద్దున మిద్దె ఎక్కాను, ఒక చేతిలో పొత్రం, ఒక చేతిలో పసుపు కొమ్ము. కింద మా అత్తగారు అన్నం వండే గంజు బోర్లించి ఎండబెట్టిన సంగతి నేను చూడలేదు. రెండూ వదిలాను. వదిలిన తర్వాత ఆ చప్పుడుకు భయపడి కళ్లు మూసుకున్నాను, ఇంక ఏం చూస్తాను. మా అత్తగారి అరుపుకు వాడకట్టు కదిలింది. మా ఆయన పరుగెత్తుకొచ్చి, గంజు సంగతి వదిలేసి, అమ్మా నువ్వు కిందనే ఉన్నావు కదా, ఏది ముందు పడింది అని ఆశగా అడిగాడు. “నా గంజు మీద వడ్డదే ముందు వడ్డది,” అంది ఆవిడ. “రెండోది నీ పెండ్లాం నెత్తిల వడాలె.” అణిగిపోయిన ఆ గంజు చుట్టూ నిలబడి ముగ్గురం నవ్వాం. మా అత్తగారు కూడా. కొడుకు గల్ఫ్ పోతాడేమోనని ఆవిడకూ లోపల దిగులుంది.

శనివారం నేను గడపలో కూర్చుని కళ్లు తుడుచుకోవడం ఆయన చూశాడు. తంబాకు మండిందని చెప్పాను. ఆయన ఏమీ అనకుండా కంప్యూటర్ ముందు కూర్చుని చాలాసేపు టకటకలాడించాడు. తర్వాత నన్ను పిలిచాడు. పెద్ద గోళీ, చిన్న గోళీ పైన ఉన్నాయి. మీట నొక్కాడు. పెద్దది ముందు పడింది. రెండు వేళ్ల మందం.  పాస్‌పోర్టు వెనక్కి వచ్చేసినట్టే, ఆయన రేపటి నుంచి సాయంత్రానికల్లా ఇంటికి వచ్చేసినట్టే అనిపించింది. ఆ తర్వాత ఆయన ముఖం చూశాను. మామూలుగా ఆ గోళీలు కలిసి పడ్డ ప్రతిసారీ, అన్ని వందల సార్లు చూసిన మనిషి, చిన్నపిల్లాడిలా మళ్లీ నొక్కేవాడు, మళ్లీ నొక్కేవాడు. ఆ రోజు ఒక్కసారి నొక్కాడు. నొక్కి, తెర మీద గుడ్డ కప్పేశాడు.

“గిది దేనికి?” అన్నాను.

“నువ్వు ఏడుస్తున్నవు గదా,” అన్నాడు.

 నా నోట్లోంచి వచ్చింది ఒకటే మాట. “ఛాట్.”

ఆయన గుడ్డ తీశాడు. మార్చింది తీసేసి, మళ్లీ ఎప్పటిలా చేశాడు. ఆదివారం కరస్పాండెంటు సారు వస్తే నేనే గడపలో ఎదురుపోయి, కుదరదు సారూ అన్నాను.

“నీకేం తెలుసమ్మా గీ సంగతులు?” అన్నాడు ఆయన. కోపం లేదు, జాలే ఉంది.

“నాకేం తెల్వదు సారూ. నాకు గూడ బరువుదే ముందు వడ్తదనిపిస్తది. గాని ఆయిన గట్ల జేస్తె, రోజు దాని ముందట ఎట్ల గూసుంటడు?”

సారు చాయ్ తాగకుండానే పోయాడు. తర్వాతి వారం మా ఆయన బొంబాయి బండి ఎక్కాడు.

ఆయన శుక్రవారాలు ఎస్టీడీ బూతుకు ఫోను చేసేవాడు. ఆ రోజు బూతు ముందు ఆడవాళ్లందరం వరసగా కూర్చునేవాళ్లం. ఒక్కొక్కరే అద్దాల డబ్బాలోకి పోయి, ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ బయటికి వచ్చేవాళ్లు. మొదటిసారి నేనూ అలాగే పోయాను. ఆయన బాగున్నావా అని అడిగి, “మన గోళీలకు ఎవరన్న ఏమన్న అడిగిండ్రా?” అన్నాడు.

ఎవరూ అడగలేదు. ఆయన గల్ఫ్ పోయాక మా గడప ఎవరూ తొక్కలేదు. కొత్త రకం కంప్యూటర్లు వచ్చాయి, బడుల వాళ్లు ఆ పాత ఫ్లాపీలు ఎక్కడో పడేశారు. కానీ ఆ అడగడంలో ఆయన గొంతు ఎలా ఉందంటే, లేదనడానికి నాకు నోరు రాలేదు. దగ్గు దగ్గి, ముప్కాల్ హెడ్మాస్టరు గొంతు ఎత్తుకున్నాను. వాలు బల్ల మీద గోళీ జారుతుంది కదా, దాని మీద వాన పడాలంటున్నాడు అన్నాను. “దేనికట?” అన్నాడు ఆయన వెంటనే. చచ్చాను. కోరిక కల్పించాను గాని కారణం ఆలోచించుకోలేదు. పొలం గట్టు మీద బండి ఎందుకు జారుతుందని పిల్లలు అడుగుతున్నారట అన్నాను. అవతల పెద్దగా నవ్వు వినిపించింది. మంచిగుంది, వచ్చినప్పుడు చేస్తా అన్నాడు. నేను నవ్వుకుంటూ బయటికి వస్తే, వరసలో ఉన్న ఆడవాళ్లు, దీనికి మొగుడు దూరం పోయినందుకు సంతోషంగా ఉన్నట్టుందని చెవులు కొరుక్కున్నారు.

ఆ తర్వాత వారమంతా బీడీలు చుడుతూ నా పని ఇదే, శుక్రవారానికి ఒక కోరిక, దానికొక కారణం. టీచరమ్మ ముక్కుతో ఉయ్యాల అడిగింది. జక్రాన్‌పల్లి సారు బావిలో చేద అడిగాడు. ఆయన సెలవు మీద వచ్చినప్పుడు, బంధువులను చూడకుండా, ఆ పాత కంప్యూటర్ ముందు కూర్చుని వాన చేశాడు, బురద కూడా చేశాడు. బురదలో గోళీ దిగబడి ఆగిపోతుంటే ఇద్దరం చూశాం. అది ఎవరికీ ఇవ్వలేదు. బడులకు ఇచ్చిరా అని నేను అనలేదు, ఎందుకివ్వలేదని ఆయనను అడగలేదు. తిరిగి పోయాక మొదటి శుక్రవారం నేను హెడ్మాస్టరు దగ్గు మొదలుపెట్టేలోపే ఆయన అన్నాడు, “గీసారి జక్రాన్‌పల్లి సారు పతంగి అడుగుతడు సూడు.”

“నీకెట్ల తెలుసు?” అన్నాను.

“అడుగుతడు,” అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, ఆయనకు తెలుసని. నాకు తెలిసిందని ఆయనకూ తెలిసింది. ఇద్దరిలో ఒక్కరం కూడా ఆపలేదు. ఆయన జబ్బు తెచ్చుకుని పూర్తిగా వచ్చేసేదాకా, అన్ని ఏళ్లూ, ఆ సార్లు అడుగుతూనే ఉన్నారు, ఆయన చేస్తానంటూనే ఉన్నాడు. వాళ్లలో ఒకాయన మధ్యలో కాలం చేశాడు కూడా. అయినా మా ఫోనులో దగ్గడం మానలేదు.

ఇప్పుడు ఒంటరిగా కూర్చున్నప్పుడు, ఆ ఆదివారం గడపలో నిలబడి కుదరదన్న పిల్ల ఎవరా అనిపిస్తుంది. తంబాకు చేతులు, బొంగురు గొంతు, ఏ గోళీ ముందు పడుతుందో ఎంత చెప్పినా ఎక్కని తల. ఎంత పొగరు దానికి. ఇప్పటి నన్ను అడిగితే బరువుది ముందు పడనీ, కావాలంటే రెండూ పైకే పోనీ, మనిషి సాయంత్రానికి ఇల్లు చేరితే చాలంటాను. కానీ ఇప్పటి నన్ను అడిగేవాళ్లు లేరు. అప్పటి దానికి నేనెంత చెప్పినా వినేలా లేదు, అది అప్పుడే మనిషి ముఖం చూసేసింది. పోనీలే, ఆ పొగరు చూస్తే నాకే ముద్దొస్తుంది.

చాలు బిడ్డా, గీడ ఆపు. చెయ్యి గుంజుతున్నట్టుంది నీకు. నీళ్లు తాగు. తాగి, మొదటి నుంచి ఒక్కసారి నాకు సదివి వినిపియ్యి. మీ మామ మాటలు వచ్చిన కాడ జర మెల్లగ సదువు.